ప్రోసింగ్ మేడమ్ అరపేజీ

కపిస్ తీరంలోని ఆ ఊళ్లో ఎవరైనా వేదికెక్కి నాలుగు మాటలు మాట్లాడాలంటే, ముందు ఇంకొకరు మైకు దగ్గరికొచ్చి వాళ్ల గురించి అరపేజీ ఇంగ్లీషు చదవాలి. ఆ అరపేజీ చదివే మనిషి రాసింది కాదు. ఎవరి గురించో వాళ్లే ముందుగా రాసి పంపుకోవాలి. అందులో 'నేను' అన్న మాట ఎక్కడా కనపడకూడదు. మగవాడైతే 'హీ', ఆడమనిషైతే 'షీ'. తన డప్పు తానే కొట్టుకోవాలి గానీ, చప్పుడు మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టుండాలి. ఊరందరికీ తెలిసిన రహస్యమే, అయినా ఎవరూ నోరు విప్పరు. మనకేం పోయిందని నేనూ విప్పను.

ఆ చప్పుడు తయారుచేసేది యూఫ్రోసినా బిల్యోనెస్. ఊరంతటికీ ప్రోసింగ్ మేడమ్. అరవయ్యొకటో ఏడు. మునిసిపల్ హాలు వరండాలో అద్దం పరిచిన బల్ల, దాని మీద పాత టైపుమిషను. జననపత్రం పోయిందని ప్రమాణపత్రం కావాలన్నా, జెద్దాలో నర్సు ఉద్యోగానికి అర్జీ కావాలన్నా, కౌన్సిలరుగారు ఫియెస్తా పండగ నాడు వేదికెక్కాలన్నా ఆ బల్ల దగ్గరికే రావాలి. కొందరు పెసోలిస్తారు, కొందరు పీతలిస్తారు. పీతలిచ్చినవాళ్ల అరపేజీ ఒక పిసరు రుచిగా ఉంటుందని మొగుడు పిస్తోంగ్ వేళాకోళం చేస్తుంటాడు.

ఆ ఊరి భాషలో ఆయనకీ ఆవిడకీ కలిపి ఒకటే మాట, 'సియా'. మేయరూ సియాయే, మేయరు పెళ్లామూ సియాయే. మనకైతే వాడు, అతను, ఆయన, వారు అని మెట్లుంటాయి. మనిషిని ఎన్నో మెట్టు మీద కూచోబెట్టామో ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది. ఇంగ్లీషువాడికి మెట్లు లేవు, ఉన్నవి రెండు గదులే. బిషప్పుగారూ హీయే, బిషప్పుగారి కోళ్లు ఎత్తుకుపోయినవాడూ హీయే. మరి మర్యాద ఎక్కణ్ణించి తేవాలి? వాక్యంలో మిగిలిన మాటల్లోంచి తేవాలి. ప్రోసింగ్ నలభై నాలుగేళ్లుగా చేస్తున్న పని అదే.

పదిహేడేళ్లప్పుడు అటార్నీ ఫెలిసార్తా దగ్గర టైపిస్టుగా చేరింది. చేరిన నెలలోనే, దున్నపోతు తప్పిపోయిందని ఒక రైతు ఇచ్చిన ప్రమాణపత్రం టైపు చేసింది. నోట్లో సియా, చేతిలో ఏది పడితే అది. రైతు ఆద్యంతం 'షీ' అయిపోయాడు. కోర్టులో జడ్జిగారు కాయితం చదివి, ఆ దున్నపోతు తాలూకు ఆడమనిషిని పిలవండి అన్నాడు. మీసాలున్న ఆరడుగుల మనిషి లేచి నిలబడ్డాడు. ఆ నవ్వులు సద్దుమణగడానికి పావుగంట పట్టింది. అటార్నీ తిట్టలేదు. ఆఫీసుకొచ్చి ఆ రైతు రెండంగుళాల ఫోటో తీసి, అన్నం మెతుకుతో టైపుమిషనుకి అంటించి, "ప్రతి వాక్యానికీ ముందు ఈ మొహం చూడు. చెయ్యి తప్పదు" అన్నాడు.

అప్పట్నుంచీ ఫోటో లేనిదే ప్రోసింగ్ మిషను ముట్టదు. ఫోటో పెట్టుకుంటుంది, వాక్యం కొడుతుంది, కొట్టిన వాక్యాన్ని ఆ మొహానికి చదివి వినిపిస్తుంది. నవ్వు రాకుండా చెప్పగలిగితే వాక్యం ఉంటుంది, నవ్వొస్తే పోతుంది. అబద్ధం మాత్రం రాయదు. కాకపోతే నిజాన్ని ఏ పక్కనుంచి చూపించాలో ఆవిడకి తెలుసు. లా పరీక్ష నాలుగుసార్లు తప్పిన కౌన్సిలరు గురించి 'న్యాయశాస్త్ర అధ్యయనానికి ఎన్నో ఏళ్లు అంకితం చేశాడు' అని రాసింది. మనీలా వెళ్లి వారం తిరక్కుండా ఏడుస్తూ వచ్చేసినవాడి గురించి 'రాజధానిలో నివసించిన అనుభవమున్నవాడు' అని రాసింది. ఆ మొహాలు చూస్తూ ఎలా నవ్వాపుకుందో నాకిప్పటికీ తెలీదు.

అది మార్చి నెల. హైస్కూలు ప్రిన్సిపాల్ నెలియా దోర్దాస్ వరండాలోకొచ్చింది. నలభై దాటని మనిషి, చకచకా నడిచే రకం. ప్రోసింగ్ ఆవిణ్ణి చూడగానే మిషన్లో తెల్లకాయితం ఎక్కించేసింది.

"ఈ ఏడు గ్రాడ్యుయేషనుకి ఎవరమ్మా గెస్టు? ఫోటో తెచ్చావా?"

"తేలేదు మేడమ్."

"ఫోటో లేకుండా నేను రాయనని తెలుసుగా."

"తెలుసు. గెస్టు మీరే."

ప్రోసింగ్ చేతులు మిషను మీదే ఉండిపోయాయి. "ఎప్పట్లా ఇంజినీరెవరూ దొరకలేదా?"

"దొరికాడు. పిల్లలు వద్దన్నారు. పోయినేడు గెస్టు గంటా పది నిమిషాలు మాట్లాడితే ఎండకి ముగ్గురు కళ్లు తిరిగి పడ్డారు. ఈసారి ఓటేయించాను. వాళ్ల స్కాలర్‌షిప్పు అర్జీలన్నీ మీ బల్ల మీదనుంచి వెళ్లినవేగా. అందరూ మీ పేరే రాశారు."

"సరేనమ్మా" అనేసింది ప్రోసింగ్. ఒళ్లంతా పులకరించిపోయింది.

"అరపేజీ శుక్రవారానికి పంపండి. మీకు నేను చెప్పాలా? మామూలే. ఏ కాలేజీ, ఏ డిగ్రీ అన్న దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఉద్యోగం" అని నెలియా వెళ్లిపోయింది.

ఆ మాటతో పులకరింత కాస్తా చప్పున చల్లారింది. ప్రోసింగ్‌కి కాలేజీ లేదు, డిగ్రీ లేదు, హైస్కూలు కూడా లేదు. పద్నాలుగేళ్లప్పుడు, హైస్కూలు రెండో ఏట, వాళ్లమ్మ రేవు దగ్గర తిండిహోటలు పెట్టింది. గిన్నెలు తోమడానికి మనిషి కావలసొచ్చింది. ఇంకో ఆలోచన లేకుండా ఈ పిల్లని బడి మాన్పించారు. ఆ తర్వాత ఇలోయిలో నగరంలో రెండు నెలలు టైపు నేర్చుకుంది, అంతే. అక్కణ్ణించి వచ్చాక ఊరు 'ఇలోయిలోలో చదివొచ్చింది' అనుకుంది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. టీచర్లని పిలిచినట్టే మేడమ్ అని పిలవడం మొదలుపెట్టారు. పిలిస్తే పలికింది. ఎక్కడైనా డిగ్రీల మాటొస్తే మాత్రం, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, మిషను రిబ్బను సర్దుకుంటూ తల వంచుకునేది.

ఇప్పుడా సంగతి మైకులో, ఊరి ముందు రాబోతోంది.

సాయంత్రం పిస్తోంగ్ తను కిరాయికి నడిపే ట్రైసికిల్ బండి కడుక్కుంటుంటే పక్కన స్టూలేసుకుని చెప్పుకుంది.

"మరెందుకొప్పుకున్నావు ఇందాయ్?" అన్నాడు పిస్తోంగ్. పెళ్లాన్ని ముద్దుగా ఇందాయ్ అనడం, మొగుణ్ణి నోంగ్ అనడం ఆ ఊరి వాడుక.

"కాయితం మిషన్లో ఉంది. అలవాటుకొద్దీ సరే అన్నాను."

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే."

"నీకు నవ్వులాటగా ఉంది నోంగ్. నలభయ్యేళ్లు మేడమ్ మేడమ్ అని పిలిపించుకున్నాను. నువ్వు రెండో ఏడే బడి మానేశావటగా అని ఒక్కరన్నా రేపట్నుంచి ఆ వరండాలో ఏ మొహం పెట్టుకుని కూచోను?"

"నేను ఆరో తరగతి. నన్ను ఒక్కరన్నా సర్టిఫికెట్ అడిగారా?"

"నీది ట్రైసికిల్. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు."

"బ్రేకులు కావాలి. అవీ సరిగ్గా లేవు" అన్నాడు పిస్తోంగ్, బకెట్టు బోర్లిస్తూ.

మర్నాడు పొద్దున్నే ఇంట్లోనే కూచుని పెన్నుతో రాసేసింది. ఊరందరికీ చేసిన మర్యాద తనకూ చేసుకుంది. 'విద్యాభ్యాసం కోసం ఇలోయిలో నగరంలో గడిపింది' అని మొదటి వాక్యం. అబద్ధం కాదు. అక్కణ్ణించి బండి సాఫీగా సాగిపోయింది. కాయితం పిస్తోంగ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని చాచిన చేతిలో పట్టుకుని, కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఇందులో హీ, హీ అని ఉందేంటి? చర్చిలో దేవుడి గురించి చదివేటప్పుడు గదా హీ అనేది. నువ్వెప్పుడు దేవుడివయ్యావు?"

లాక్కుని చూసుకుంది. మొత్తం తొమ్మిది చోట్ల. నలభై నాలుగేళ్ల కిందటి రైతు ఆడదైపోయాడు, ఇవాళ తను మగవాడైపోయింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఎదురుగా ఫోటో లేదు, అందుకే" అంది ప్రోసింగ్.

ఫోటో కోసం ఇల్లంతా వెతికితే పెళ్లిఫోటో ఒకటి దొరికింది. అందులో ముసుగే తప్ప మొహం కనపడదు. ఆ ఊళ్లో బుద్ధి తెలిసిన ప్రతి మనిషి దగ్గరా రెండంగుళాల ఫోటోలు డజను ఉంటాయి, ఏ అర్జీకి ఎప్పుడు కావాలో అని. ప్రోసింగ్ దగ్గర ఒక్కటీ లేదు. ఊరందరి అర్జీలూ రాసిన మనిషి తనకోసం ఎవరికీ ఒక్క అర్జీ పెట్టుకోలేదు.

"పద, స్టూడియోకి" అన్నాడు పిస్తోంగ్.

మార్కెట్టు ఎదురుగా స్టూడియో. నడిపేది లూర్దిత, పొట్టిగా, కబుర్లపోగులా ఉంటుంది. నీలం గుడ్డ ముందు ప్రోసింగ్‌ని కూచోబెట్టి, "గడ్డం దించండి మేడమ్. ఏంటి విశేషం, విదేశాలకా?" అంది.

"కాదే, నాకే."

"మీరేం చేసుకుంటారు?"

"చూసుకుంటాను."

గుమ్మంలోంచి పిస్తోంగ్ అందుకున్నాడు. "బాగా తియ్యి లూర్దితా. ఈవిడ ముప్పయ్యారేళ్లుగా నన్ను చూస్తోంది. ఇప్పుడు తనని తాను చూసుకుంటే నా కష్టం అర్థమవుతుంది."

సరిగ్గా అప్పుడే ఫ్లాష్ వెలిగింది. మధ్యాహ్నానికి నాలుగు ఫోటోలు చేతికొచ్చాయి. అన్నింట్లోనూ పెదాలు బిగబట్టి, ఇహనో ఇప్పుడో పకపకా నవ్వబోతున్న మొహమే.

వరండాకెళ్లి ఒకటి మిషనుకి ఆనించింది. కొత్త కాయితం ఎక్కించింది. 'షీ' అని కొట్టింది. విద్యాభ్యాసం కోసం ఇలోయిలో నగరంలో గడిపింది. తల ఎత్తి ఆ మొహానికి చదివి వినిపించింది. ఫోటోలోది అసలే నవ్వడానికి సిద్ధంగా ఉంది. వాక్యం సగంలోనే ప్రోసింగ్‌కి నవ్వొచ్చేసింది. కౌన్సిలరు మొహం ముందు ఆగిన నవ్వు ఇక్కడ ఆగలేదు. కాయితం లాగి ఉండచుట్టి పడేసింది.

ఇంకోటి ఎక్కించింది. ఈసారి చాలాసేపు ఆ మొహం చూస్తూ కూచుంది. తర్వాత నెమ్మదిగా కొట్టింది, 'షీ', హైస్కూలు రెండో ఏట బడి మానేసింది, అమ్మ హోటల్లో గిన్నెలు తోమడానికి మనిషి లేక.

'నేను' అని రాయాల్సొస్తే ఆ మాట నలభయ్యేళ్లకీ గొంతు దాటేది కాదు. 'షీ' అనేసరికి ఆ పిల్ల ఎదురుగా కనిపించింది. మోచేతుల దాకా సబ్బునురగ, రెండు జడలు, వెనకగా రేవు మీదనుంచి బడికి పోయే పిల్లలు. ప్రోసింగ్‌కి సిగ్గు కలగలేదు, జాలేసింది. ఎవరి పిల్లైనా సరే దగ్గరికి తీసుకుని, ఇందులో నీ తప్పేముందే అనేదే. ఇన్నేళ్లూ ఈ పిల్లనా నేను దాచిపెట్టింది అనుకుంది. కళ్లు తుడుచుకుని వాక్యాన్ని ఫోటోకి చదివి వినిపించింది. నవ్వు రాలేదు. మిగిలిన అరపేజీ గంటలో పూర్తయింది.

శుక్రవారం బడికి తీసుకెళ్లి నెలియా చేతికిచ్చింది. నెలియా కుర్చీ వెయ్యడం కూడా మర్చిపోయి నిలబడే చదివింది. చదివి తలుపు దగ్గరగా వేసింది.

"మేడమ్, ఇది నిజమా?"

"నేను రాసినవాటిలో ఇంత నిజం ఇంకోటి లేదమ్మా."

"సూపరింటెండెంటుగారు వేదిక మీదుంటారు. ఎవర్నీ బడి మాననివ్వకండని పోయిన నెలే కాయితం పంపారు. బడి మానేసినావిణ్ణి పిలిచి పిల్లలకి చూపించానంటే నా గతేంకాను? ఆ ఒక్క వాక్యం తీసేద్దాం. అబద్ధం చెప్పడం లేదుగా, ఊరికే తియ్యడమే."

"నేనూ ఇన్నేళ్లూ అదే చేశాను. ఊరికే తియ్యడం." అంది ప్రోసింగ్. "ఆ వాక్యం తీస్తే నన్నూ తీసెయ్యమ్మా. కోపంతో అనడం లేదు. ఇంజినీరుకి కబురు పెట్టు, ఆయన అరపేజీ నేనే రాసిస్తాను. అది లేకుండా మాత్రం నేను ఆ మెట్లెక్కలేను."

నెలియా కాయితం వంక చూసింది, ఆవిడ వంక చూసింది. "చూస్తాను మేడమ్" అంది.

చూస్తాననే మాట ఎంత చెడ్డదో ఎదురుచూసేవాళ్లకే తెలుస్తుంది. రెండు వారాలు ప్రోసింగ్ గోళ్లు కొరుక్కుంటూ గడిపింది. వాక్యం ఉంటుందో లేదో తెలీదు. ఉంటే ఊరేమంటుందో అని భయం, పోతే తనేమైపోతుందో అని భయం. ఉప్పు రెండుసార్లు వేసిన చారు పిస్తోంగ్ నోరెత్తకుండా తాగాడు. ఇంజినీరుకి కబురైతే వెళ్లలేదని మాత్రం కూపీ లాగి పట్టుకొచ్చాడు.

ఆ రోజు రానే వచ్చింది. బాస్కెట్‌బాల్ కోర్టు రేకుల కింద నాలుగొందల కుర్చీలు, తెల్ల గౌన్లలో పిల్లలు, అట్టముక్కలతో విసురుకునే తల్లులు, వెనక కొబ్బరాకులో చుట్టిన ఇబోస్ అన్నం పొట్లాలు విప్పుకుంటున్న తాతలు. ప్రోసింగ్ ఆకుపచ్చ గౌను వేసుకుని వేదిక మీద సూపరింటెండెంటుగారి పక్కన కూచుంది. మెట్ల పక్కనే పిస్తోంగ్, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో పెళ్లికొడుకులా.

నెలియా మైకు దగ్గరికొచ్చింది. చేతిలో కాయితం. అదేనా, దిద్దిందా? ప్రోసింగ్ ఎంత మెడ సాచినా అక్షరాలు కనపడలేదు.

"షీ" అని మొదలుపెట్టింది నెలియా. ఈ ఊళ్లో పుట్టింది. తర్వాత గొంతు సవరించుకుని, దేన్నీ మింగకుండా, స్పష్టంగా చదివింది. హైస్కూలు రెండో ఏట బడి మానేసింది, అమ్మ హోటల్లో గిన్నెలు తోమడానికి మనిషి లేక.

ప్రోసింగ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఏమీ కాలేదు. తల్లులు విసురుకుంటూనే ఉన్నారు. సూపరింటెండెంటుగారూ కార్యక్రమం కాయితంతో విసురుకుంటూనే ఉన్నారు. ముందు వరసలో పీతలమ్మే బాసియాంగ్ పక్కావిడతో, "మా పెద్దదీ అంతేగా, రెండో ఏడే మానేసింది. ఈ జూన్‌లో మళ్లీ పంపిస్తాను" అంది, అంగట్లో బేరమాడినంత మామూలుగా. అంతే. నలభయ్యేళ్లు కడుపులో దాచుకున్న మాట అలా గాల్లో కలిసిపోయింది. ప్రోసింగ్‌కి ప్రాణం హాయిగా ఉంది, ఆ వెంటనే ఒళ్లు కూడా మండింది. ఇంత చిన్నదానికా నేను ఇన్నాళ్లూ రిబ్బన్లు సర్దుకుంటూ చచ్చాను అనుకుంది.

భయం పోయాక చెవులు తెరుచుకున్నాయి. నెలియా చదువుతోంది. తప్పులంటే గిట్టని ఒక ప్లీడరు నోటినుంచి ఈమె ఇంగ్లీషు నేర్చుకుంది. ఫోటో చూడ్డం మరిచినప్పుడల్లా చెయ్యి తప్పి, ఇప్పటికి ఇరవయ్యొక్క మందిని, ఆడవాళ్లని మగవాళ్లుగా, మగవాళ్లని ఆడవాళ్లుగా రాసింది, అందరికీ ఇంటికెళ్లి క్షమాపణ చెప్పుకుంది. జనం గొల్లున నవ్వారు, ప్రోసింగ్ కూడా నవ్వింది. ఈ బడి పిల్లల అర్జీలు ఎన్నో టైపు చేసింది, రెండింటికి మాత్రం టైపు చేస్తూ ఏడ్చింది. ఈ అరపేజీ ఎవరు చదువుతున్నారో ఆ మనిషి స్కాలర్‌షిప్పు అర్జీ కూడా ఈమే టైపు చేసింది, అందులో దేన్నీ పక్కనుంచి చూపించాల్సిన అవసరం పడలేదు. అక్కడ నెలియా కాయితం దించింది. ఒక గుక్క నీళ్లు తాగి మళ్లీ అందుకుంది.

ప్రోసింగ్ ముందుకు వంగి వింటోంది. షీ ఇది చేసింది, షీ అది చేసింది. ఎంత ఓపిక గల మనిషి, ఎంత సరదా మనిషి. నెలియా పేరు చదివి ముగించగానే కోర్టు రేకులు ఎగిరిపోయేట్టు చప్పట్లు మోగాయి. పిల్లలు లేచి నిలబడ్డారు. ప్రోసింగ్ కూడా లేచి నిలబడి, చేతులు పైకెత్తి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. గెస్టు ఎటువైపునుంచి వస్తుందా అని మెట్ల వంక చూస్తోంది.

"ఇందాయ్" అన్నాడు పిస్తోంగ్ కిందనుంచి. "అది నువ్వే."

నాలుగొందల మందీ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ప్రోసింగ్ చేతులు ఆగిపోయాయి. మొహం ఎర్రగా కందిపోయింది. నెలియా చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొచ్చింది. మూడు పేజీల ఇంగ్లీషు ప్రసంగం చేతిలోనే ఉండిపోయింది. తమ ఊరి భాషలో, వంటింట్లో మాట్లాడినట్టే అంది ప్రోసింగ్.

"ఏమనుకోకండర్రా. ఆ అరపేజీలోని సియా నాకు బాగా నచ్చింది. మీరెవరైనా పరిచయం చేస్తారేమోనని చూస్తున్నాను."